రాయి ఏరేవాళ్ళ పేర్లు

జనవరి 11

మామయ్యకి,

నేను బాగున్నాను. నువ్వూ అత్తా కూడా బాగున్నారనుకుని నేరుగా విషయంలోకి వస్తున్నాను, ఈసారి విషయం పెద్దది. ఫోనులో చెప్పొచ్చు గానీ, ముప్పై ఏళ్ళు సుత్తి దెబ్బల మధ్య పనిచేసిన నీ చెవికి ఫోను ఆనిస్తే అన్నిటికీ "ఆ, సరే" అంటావు. తీరా చూస్తే ఒక్క ముక్కా విని ఉండవు. అందుకే ఉత్తరం. కళ్ళజోడు కనపడలేదని అత్త చేత చదివించుకోకు. ఇందులో కాస్త ఆఫీసు భాష ఉంది, నువ్వే నిదానంగా రెండుసార్లు చదువు.

మా కంపెనీ రాగి రాయి కొని, కరిగించి, తీగలు చేసేవాళ్ళకి అమ్ముతుందని నీకు తెలుసు. ఇప్పుడా తీగలవాళ్ళు కొత్త ప్రశ్నలు వేస్తున్నారు. ఈ రాగి ఎక్కడిది, ఎవరు తవ్వారు, తవ్వేటప్పుడు ఎవరైనా పోయారా, ఎవరినైనా బెదిరించి తవ్వించారా అని. జవాబు చెప్పలేక మావాళ్ళు ఇన్నాళ్ళూ చేత్తో తవ్విన రాయి అంటేనే ముట్టుకోలేదు. అందుకే మీరంతా ఊళ్ళో రాయి తూచి కొనే కాటాయన తక్కెడకి చిక్కారు. ఈ ఏడు మాత్రం చిన్న సంఘాల దగ్గర నేరుగా కొని చూద్దామని ఒప్పుకున్నారు. దీనికి బాధ్యతాయుతమైన రాగి అని పేరు పెట్టారు. మొత్తం ఆరు సంఘాలు, అందులో మన గుట్ట ఒకటి. పేరిచ్చింది నేనే. "సంఘం అధ్యక్షుడు మీ మామయ్య అని ఇచ్చావా?" అని మా పెద్దాఫీసరు అడిగాడు. "కాదండీ, చెప్పిన మాట తూచా తప్పకుండా చేసే మనిషని ఇచ్చాను" అన్నాను. నా పరువు నీ చేతిలో ఉంది.

షరతులు ఉన్నాయి. పనిచేసేవాళ్ళ పేర్లు పట్టీకి ఎక్కాలి. పోలీసులకి కాదు, మీకు తవ్వుకునే అనుమతి కాగితం ఇప్పించడానికి. ప్రతి సంచికీ నంబరు బిళ్ళ కట్టాలి. బిళ్ళ లేని సంచి ఒక్కటి దొరికినా మొత్తం సరుకు ఆపేస్తారు. గుంటల పక్కలు కూలకుండా దన్నుకర్రలు నిలబెట్టాలి, మూడో గుంటకి అన్నిటికన్నా ముందు. గుంటలో ఆడవాళ్ళు ఉండకూడదు, చట్టం ఒప్పుకోదు. పట్టీ ఫారం నేనే తయారుచేస్తున్నాను.

అత్తని అడిగానని చెప్పు. మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయమను.

నీ పెంకి


జనవరి 28

పెంకి పిల్లకి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరాన్ని లారీ డ్రైవరు సీటు కింద పెట్టి మరిచిపోయి నాలుగు రోజుల తర్వాత ఇచ్చాడు. దానిమీద గ్రీజు మరక ఉంది, లోపల అక్షరాలు బాగానే ఉన్నాయి. రెండుసార్లు చదవమన్నావు, మూడుసార్లు చదివాను. బాధ్యతాయుతమైన రాగి అన్న చోట మాత్రం ఆగిపోయాను. ముప్పై ఏళ్ళ నుంచి రాయిని చూస్తున్నాను, దానికి బాధ్యత ఉందని నాకెప్పుడూ తోచలేదు. నెత్తిన పడేటప్పుడు అసలే తోచలేదు.

రేకుల షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. పేర్లు రాయాలనేసరికి గోల మొదలైంది. ఉలి తాత లేచి, "నా పేరు కాగితమ్మీద రాసుకుపోయినవాళ్ళెవరూ మళ్ళీ మంచి కబురుతో రాలేదయ్యా" అని తువ్వాలు దులిపి బయటికి నడిచాడు. వెనక ఏడుగురు నడిచారు. వాళ్ళని తిరిగి కూర్చోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మన పిల్ల ఆఫీసు, మన పిల్ల ఫారం అని చెప్పి ఒప్పించాను.

కాటాయనకి ఈ సంగతి అప్పుడే తెలిసిపోయింది. "పట్నం వాళ్ళు మూడు నెలలు ఫోటోలు తీసుకుంటారు. తర్వాత మీరొచ్చి నా గుమ్మం ముందే నిలబడతారు" అన్నాడు. ఆ మనిషి ముఖం మీద "నీకు అమ్మం" అనాలని నాకు ఎన్నేళ్ళ నుంచో ఉంది. అనేశాను. ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

ఇక ఆ కష్టమైన షరతు మాట మీ అత్తకి ఇంకా చెప్పలేదు. ఎక్కడ ఎత్తుకోవాలో తెలియడం లేదు. నోటిదాకా వచ్చి వెనక్కి పోతోంది. కాస్త సడలించే వీలుందేమో మీ ఆఫీసరుని అడిగి చూడు.

మామయ్య


ఫిబ్రవరి 12

మామయ్యకి,

కాటాయనకి ఎదురు చెప్పావని చదివి నా గదిలో నేనొక్కదాన్నే నవ్వుకున్నాను. నా గది కింద జిరాక్సు షాపు ఉందని చెప్పాను కదా. ఆ మెషీన్ల చప్పుడులో నా నవ్వు ఎవరికీ వినపడదు, ఆ ఒక్క సుఖం ఉంది.

ఫారం దీనితో పంపుతున్నాను. దీనికి మూడు ఆదివారాలు పోయాయి. నేను నాలుగు పేజీలు రాస్తే పెద్దాఫీసరు ఒక్క పేజీ చేశాడు. మిగతావి రెండో విడతలో చూద్దామన్నాడు. మా ఆఫీసులో రెండో విడత అంటే అటక మీద పెట్టడం అని అర్థం. వాదించి వాదించి నోరు నొప్పి పుట్టి ఊరుకున్నాను.

నువ్వు కష్టమంటున్న షరతుకి సడలింపు లేదు. నిజం చెప్పాలంటే నేనూ కోరను. అందరినీ ఒప్పించు, ఉలి తాతతో మొదలుపెట్టు. ఇంట్లోవాళ్ళకైనా మినహాయింపు ఇవ్వకు, తర్వాత అందరూ నీ వైపు వేలు చూపిస్తారు. అత్తకి చెప్పడానికి నీకు భయమెందుకు? నీకన్నా ముందు ఆవిడకే అర్థమవుతుంది.

కంచె వేసే కాంట్రాక్టరు వచ్చేవారం వస్తాడు. అది వేరే విభాగం పని, నాకు వివరాలు తెలియవు. మర్యాదగా ఉండకపోతే రాయి.

పెంకి


మార్చి 4

పెంకి పిల్లకి,

కంచె వేశారు. గేటు పెట్టారు. గేటు దగ్గర మీసాలాయన ఒకడు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నువ్వు పంపిన పట్టీలో అరవైమూడు పేర్లు రాశాను, అరవైమూడు కార్డులు వచ్చాయి. నా కార్డు మీది ఫోటోలో నేను నేరం ఒప్పుకున్నవాడిలా ఉన్నాను. ముప్పై ఏళ్ళు నడిచిన దారిలో రోజూ పొద్దున ఆ ఫోటో చూపించి నేను నేనేనని ఒప్పించి లోపలికి వెళ్తున్నాను.

దన్నుకర్రలు కూడా వచ్చాయి. అన్నీ ఒకటే కొలత. మూడో గుంటకి రెండడుగులు పొట్టివి. తెచ్చినవాడిని అడిగితే ఇదే ప్రమాణం అన్నాడు. గుంటని ప్రమాణానికి తగ్గించి తవ్వమంటావా అని అడిగాను. సంతకం పెట్టించుకుని పోయాడు. ఆ కర్రలు గోడకి ఆనించి ఉన్నాయి, మూడో గుంట అలాగే ఉంది, మనవాళ్ళు అందులో దిగుతూనే ఉన్నారు. దిగొద్దంటే నా మాట వినేవాళ్ళెవరు?

నూటపన్నెండు సంచులు బిళ్ళలు కట్టి పంపాం. బిళ్ళ ముడి వేసి వేసి వేళ్ళు వాచాయి.

అత్త ఎలా ఉందని అడిగావు. బాగానే ఉంది. ఈమధ్య ఇంటి పట్టునే ఉంటోంది. నీ ఉత్తరం వచ్చింది చదువుతావా అంటే, తర్వాత చూద్దాంలే అంది.

మామయ్య


మార్చి 17

మామయ్యకి,

అత్త ఇంటి పట్టున ఉందంటే మోకాళ్ళు ముదిరాయన్నమాట. ఆ మాట సూటిగా రాయడానికి నీకేమైంది? డ్రైవరు చేతికి నొప్పి మందు ఇచ్చాను, రాత్రి పడుకోబోయే ముందు రాయమను.

ఇక చేదు వార్త. మీ మొదటి సరుకు వెనక్కి పంపేశారు. నలభై సంచులు విప్పి చూస్తే సగానికి సగం ఉత్త రాయి. మట్టి కూడా కడగలేదు. నేను ఆ యార్డులో తలొంచుకుని నిలబడ్డాను. మన గుట్ట రాయి అంటే ఏరిన రాయి అని, పెద్ద గనులవాళ్ళ రాయి కన్నా మెరుగని నేను అందరికీ చెప్పుకుని తిరిగాను. ఏరేటప్పుడు ఎవరూ చూడటం లేదా? అత్త ఒక్క పూట ఏరే అరుగు మీద కూర్చుంటే ఇలా జరగదు కదా. కాస్త ఓపిక చేసుకుని కూర్చోమను.

29న తనిఖీ ఆయన వస్తాడు. కంపెనీ మనిషి కాదు, బయటివాడు. ఆయన ఏది రాస్తే అదే ఖాయం. బిళ్ళలు, పట్టీ, అన్నీ సిద్ధంగా ఉంచు. ఈసారి నన్ను తలొంచుకునేలా చెయ్యకు.

పెంకి


ఏప్రిల్ 3

అధ్యక్షుల వారికి,

గత నెల 29న జరిగిన తనిఖీలో, మీ సంఘం పని స్థలానికి ఆనుకుని ఉన్న ఒక ప్రైవేటు వ్యాపారి షెడ్డులో బిళ్ళలు లేని పంతొమ్మిది సంచుల రాగి రాయి కనుగొనబడినది. సదరు రాయి మీ గుట్టదేనని, మీ సభ్యుల కుటుంబాలకు చెందిన స్త్రీలు దానిని మోసుకెళ్ళినారని తనిఖీ అధికారి నమోదు చేసినారు. కావున మీ సంఘం నుండి కొనుగోలు తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేయబడినది. మీ వివరణను పదిహేను రోజులలోగా పంపవలెను.

మామయ్యా, పైది టైపు చేసింది నేనే, సంతకం కూడా నాదే. నా చేత పెట్టించారు. కింద చేత్తో రాస్తున్నది నా సొంతం. ఎందుకిలా చేశావు? కాటాయనకి అమ్మనని చెప్పి, వెనక నుంచి అత్త చేత మోయించావా? ఒంట్లో బాగాలేని మనిషి చేత? ఆ పంతొమ్మిది సంచుల మాట మా పెద్దాఫీసరు చదువుతుంటే నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. "చెప్పిన మాట చేసే మనిషన్నావుగా" అన్నాడు.




ఏప్రిల్ 16

గౌరవనీయులైన అధికారిణి గారికి,

మీ టైపు ఉత్తరం అందినది. దాని కిందున్న చేతిరాత కూడా అందినది. టైపు కన్నా చేతిరాతే గట్టిగా తగిలినది.

ఈ భాష నాకు రాదు, వదిలేస్తున్నాను. పెంకీ, నువ్వు నన్ను దొంగ అన్నావు. సరే, పెద్దవాడిని, పడతాను. మీ అత్తని అనొద్దు. మీ అత్త మోకాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. నీ మందు సీసా మూత కూడా తీయకుండా కిటికీలో పెట్టింది. ఆమె ఇంటి పట్టున ఉంది నువ్వు ఉండమన్నందుకు.

నీ జనవరి ఉత్తరం నా ముందుంది. "గుంటలో ఆడవాళ్ళు ఉండకూడదు, చట్టం ఒప్పుకోదు." నీ రాతే. నీ ఫారంలో పైన ఏముంది? "గుంటలో పనిచేసేవారు." ఈ గుట్ట మీద గుంట అంటే ఏమిటి? మీ అత్త రోజూ పొద్దున తట్ట తీసుకుని గుంటకి వెళ్తున్నా అంటుంది. బడి వదలగానే సంచి విసిరేసి గుంటకి వెళ్తున్నా అని పరిగెత్తింది నువ్వు. తవ్వే చోటూ, ఏరే అరుగూ, కడిగే తొట్టీ అన్నీ కలిపి మనకి గుంటే. ఏరే ఆడవాళ్ళని తీసెయ్యమంటున్నావని అనుకున్నాను. నమ్మలేక, సడలింపు అడగమని రాశాను. ఇంట్లోవాళ్ళకైనా వద్దని రాశావు. ఇంకేం చెయ్యను? అరవైమంది మగవాళ్ళ పేర్లు, ఇంకో ముగ్గురు బండివాళ్ళవి రాసి పంపాను.

కార్డులు ఇచ్చిన మర్నాడు పొద్దున మీ అత్త, వెనక నలభైమంది, తట్టలతో గేటు దగ్గరికి వచ్చారు. ఆమెకి ముందు రోజే చెప్పాలి. చెప్పలేకపోయాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

మీసాలాయన కార్డు అడిగాడు. మీ అత్త, "ముప్పై ఏళ్ళ నుంచి ఈ దారినే వస్తున్నాను నాయనా, నువ్వే కొత్త. నీ కార్డు చూపించు" అంది.

అతను పట్టీ తిరగేశాడు. పాపం మర్యాదస్తుడే. "మీ పేరు ఇందులో లేదమ్మా. వీళ్ళెవరి పేర్లూ లేవు" అన్నాడు.

"పట్టీ ఎవరు రాశారు?"

నేను కంచెకి లోపలి వైపు నిలబడి ఉన్నాను. నేనే అన్నాను.

"ఎవరు రాయమన్నారు?"

మన పిల్ల అన్నాను.

మీ అత్త తట్ట నెత్తిన పెట్టుకుని వెనక్కి తిరిగింది. నలభైమందీ తిరిగారు. వాళ్ళలో ఎవరైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఏరేవాళ్ళు లేకపోతే మేమే ఏరాం. మా కళ్ళకి పచ్చగా ఉన్నదల్లా రాగే. మీ అత్త రాయిని అరచేతిలో ఒక్కసారి ఎగరేసి బరువుని బట్టి చెప్పేస్తుంది. మేం ఎగరేస్తే రాయి కింద పడింది, అంతే. అలాంటి సమయంలో నువ్వు రాశావు, అత్తని ఓపిక చేసుకుని కూర్చోమను అని. వెటకారం అనుకున్నాను. ఆ ఉత్తరం చించబోయి ఆగాను.

ఆ పంతొమ్మిది సంచులు గుంటలోవి కావు. కంచె బయట పాత చెత్త రాయి కుప్ప ఉంది కదా, మన తాతల కాలంలో పనికిరాదని పారబోసింది. ఆడవాళ్ళు దాని మీద కూర్చుని, ఎండలో, అందులో మిగిలిన రాగి ఏరుకున్నారు. కొనేవాడు కాటాయన ఒక్కడే, అతనికి అమ్మారు. వాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగాలి. ఇది నేరమని మీ తనిఖీ ఆయన రాసుకున్నాడు. మీ అత్తని ఒక్క ప్రశ్న అడగలేదు. సంచులు లెక్కపెట్టాడు, ఫోటో తీశాడు, నీళ్ళు తాగాడు, వెళ్ళాడు.

ఇదే నా వివరణ. టైపు చేయించుకో.


ఏప్రిల్ 27

మామయ్యకి,

నీ ఉత్తరం నా టేబులు దగ్గర విప్పాను. రెండో పేజీకి వచ్చేసరికి లేచి మెట్ల మీదికి వెళ్ళి కూర్చోవాల్సి వచ్చింది.

నేను రాసిన గుంట, దిగే గుంట. నిచ్చెన వేసుకుని దిగే లోతు. ఆడవాళ్ళని కిందికి దింపకూడదని చట్టం, అంతవరకే. అరుగు మీద ఏరేవాళ్ళు నా తలలోనే లేరు, ఎందుకంటే వాళ్ళకి వేరే పేజీ రాశాను. రెండో పేజీ, శీర్షిక కూడా గుర్తుంది, "పైన పనిచేసేవారు". పెద్దాఫీసరు అటకెక్కించింది దాన్నే. కంచె విభాగం వాళ్ళు ఆ ఒక్క పేజీ పట్టీ చూసి కార్డులు కొట్టారు. కంచె ఎంతవరకు వేస్తారో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నువ్వు కష్టమైన షరతు అన్నది పేర్లు రాయించడం గురించేమో అనుకున్నాను. పట్నంలో ఎనిమిదేళ్ళు ఉండేసరికి గుంట అన్న మాట నాకు ఫారంలో మాట అయిపోయింది.

అయినా మామయ్యా, ఒక్క మాట అడగవచ్చు కదా. "ఏమే, మీ అత్తని పనిలోంచి తీసెయ్యమంటావా?" అని ఒక్క వాక్యం. చెవులు వినపడకపోతే పోనీ, చేతులున్నాయి కదా. నన్ను అడగలేదు, అత్తకి చెప్పలేదు. ఇద్దరి మధ్యా నిలబడి అందరికీ "ఆ, సరే" అన్నావు. దీని మీద నాకు నీ మీద కోపం ఉంది. దాచుకోను.

ఆఫీసులో చెప్పాను, తప్పు సంఘానిది కాదు, ఫారానిది అని. "ఏడాది మధ్యలో ఫారం మార్చడం కుదరదు" అన్నాడు పెద్దాఫీసరు. తనిఖీ నివేదికలో ఫారం గురించి లేదు, సంచుల గురించే ఉందట. నాలుగు గదులు తిరిగాను. ఒకరు కంచె విభాగాన్ని అడగమన్నారు, కంచెవాళ్ళు నన్నే అడగమన్నారు. చివరికి నేనే ఒక కాగితం రాశాను. ఈ పట్టీ తయారుచేసింది నేను, నలభైమంది పనివాళ్ళు తప్పిపోయారు, దానికి బాధ్యురాలిని నేను అని. అది ఫైల్లో పెట్టక తప్పలేదు. బాధ్యత అన్న మాటకి మా ఆఫీసులో తేదీ వేసి సంతకం పెట్టింది నేనొక్కదాన్నే అనుకుంటాను.

ఇప్పుడు ఏరే ఆడవాళ్ళందరి పేర్లు కావాలి. తొందరగా పంపు. అత్తకి నా తరఫున నువ్వు ఏమీ చెప్పకు. ఆవిడకి వేరే ఉత్తరం రాశాను, కవరులో మడిచి ఉంది. చదవకుండా ఇవ్వు.

పెంకి


మే 23

పెంకి పిల్లకి,

కోపం ఉందన్నావు, ఉండనీ. న్యాయమైనదే. నీ కవరు మీ అత్తకి ఇచ్చాను. వాకిట్లో కూర్చుని చదివింది. ఏముందని అడిగితే, "నీకు రాయలేదుగా" అంది. మర్నాడు నీ మందు సీసా మూత తీసింది. మోకాళ్ళకి కాదు, నా వాచిన వేళ్ళకి.

పేర్లు తొందరగా పంపమన్నావు. తొందరగా అన్న మాట రాయడం తేలిక. కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మొదటి ఇంట్లో, "మా ఆయన్ని అడుగు" అని తలుపు వేసేసింది. రెండో ఇంట్లో, "నా పేరు నీకు తెలియదా? మొన్న తీసేసేటప్పుడు తెలిసిందిగా" అంది. తొమ్మిదో ఇంటికి వచ్చేసరికి నా కాగితం మీద ఒక్క పేరు లేదు. ఇంటికొచ్చి మీ అత్తని అడిగాను, కనీసం నీ పేరు చెప్పు, మొదలుపెడతాను అని. "రాసుకోవడానికి పేరు ఇవ్వం. సంఘంలో కూర్చోవడానికి ఇస్తాం" అంది. సభ్యత్వం కావాలి, ఓటు కావాలి. అప్పుడే పేర్లు.

మా మగవాళ్ళు ఎగిరారు. పదిరోజులు ఇదే రభస. ఉలి తాత ఒక్కడే మెత్తబడ్డాడు. "పేరు ఇవ్వనంటున్నారంటే వాళ్ళకి బుద్ధుంది" అన్నాడు. చివరికి రేకుల షెడ్డులో మీటింగు పెట్టాం. నలభైఒక్కమంది వచ్చారు. కూర్చోవడానికి చోటు లేక మగవాళ్ళలో సగం మంది బయట నిలబడ్డారు. 

మూడో గుంటలో దిగేవాడొకడు, "గుంటలో దిగి ప్రాణం మీదికి తెచ్చుకునేది మేము. మీకు ఓటెందుకు?" అన్నాడు.

మీ అత్త లేచింది. "మీరు పైకి తెచ్చేది రాయి. అది రాగి అని చెప్పేది మేము. మేం చెప్పకపోతే ఏమైందో చూశారుగా" అంది. అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. "ప్రాణం మాట ఎత్తావు కాబట్టి చెప్తున్నా. మూడో గుంటకి సరిపోయే కర్రలు వచ్చేదాకా అందులోంచి వచ్చిన రాయి మేం ఏరం. తవ్వుకోండి, పైకి తెచ్చుకోండి, అరుగు మీద పోసుకోండి. మా చెయ్యి దాన్ని తాకదు."

నెలలుగా నేను బతిమాలినా ఆపలేని గుంటని ఒక్క మాటతో ఆపేసింది. నాకు సంతోషం కలగాలి. నిజం చెప్పాలంటే ఒళ్ళు మండింది. ఆ మాట నేను అనాల్సింది. అనే దమ్ము లేక, కర్రలు తెచ్చినవాడి మీద విసుక్కుంటూ నీకు ఉత్తరాలు రాశాను.

సభ్యత్వాలు ఇచ్చాం. ఇచ్చాక ఉలి తాత, ఇంతమంది కొత్తవాళ్ళు చేరారు కాబట్టి అధ్యక్షుడిని కూడా కొత్తగా ఎన్నుకోవాలన్నాడు. ఎవరు నేర్పారో ఆయనకి. చేతులు లేపి లెక్కపెట్టారు. నేను తొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయాను. గెలిచింది మీ అత్త. నేను నాకే వేసుకున్నాను, దానికి సిగ్గు లేదు.

నలభైఒక్క పేర్లు వేరే కాగితం మీద ఉన్నాయి. రాత మీ అత్తదే. "పైన పనిచేసేవారు" అని నీ శీర్షికే పెట్టింది. నీ ఉత్తరంలో ఉందేమో మరి.

మామయ్య


జూన్ 9

మామయ్యకి,

ఓడిపోయావని చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, కింద జిరాక్సు షాపు మూసి ఉంది కాబట్టి ఏదీ చెయ్యలేదు.

నలభైఒక్క పేర్లూ పట్టీకి ఎక్కాయి. కొనుగోలు మళ్ళీ మొదలైంది. ఇన్నాళ్ళూ పట్టీ నకలు చూసి గేటు లోపలికి వదిలారు కదా, కార్డులు ఈ వారంలోనే మా మనిషి తెస్తాడు. పొడుగు కర్రలకి కూడా రాశారు, వస్తాయంటున్నారు. ఎప్పుడని అడిగితే త్వరలో అంటున్నారు. అంటే నీకు తెలుసు.

నా కాగితం సంగతి కూడా తేలింది. బాధ్యురాలిని నేనని రాసుకున్నాను కాబట్టి నన్ను ఆ విభాగం నుంచి తీసేశారు. ఇప్పుడు సామాన్ల గదిలో రిజిస్టరు చూస్తున్నాను. చీపుర్లు, బల్బులు, టైపు కాగితం. ఎవరూ తిట్టలేదు. పెద్దాఫీసరు టీ ఇప్పించి మరీ చెప్పాడు. రెండో పేజీ ఎవరు తీసేశారో ఆ గదిలో ఎవరికీ గుర్తు లేదు.

ఇంకొకటి చెప్పాలి. చెప్పకూడదని నాలుగు రోజులు ఊరుకున్నాను, కానీ దాచడం వల్ల మనకి ఏమైందో చూశాం. మీ కొత్త సరుకు వచ్చిందని తెలిసి మధ్యాహ్నం అన్నం వదిలేసి యార్డుకి వెళ్ళాను. అత్త ఏరించిన రాయి చూద్దామని. ఒకతను కొక్కెం కత్తితో సంచుల బిళ్ళలు చకచకా కోసి డబ్బాలో పడేస్తున్నాడు. రాయి తీసుకెళ్ళి పెద్ద గని నుంచి వచ్చిన కుప్ప మీదే పోశారు. నేను చూస్తుండగానే కలిసిపోయింది. ఇది వేరుగా ఉంచరా అని అడిగాను. "వేరుగా కరిగించాలంటే కొలిమి ఆపాలమ్మా. కాగితమ్మీద వేరుగానే ఉంటుంది" అన్నాడు. తీగలవాళ్ళకి వెళ్ళే పుస్తకంలో మాత్రం మీ షెడ్డు ఫోటో ఉంది.

నీ వేళ్ళు వాచింది దీనికా, అత్త గేటు దగ్గర నిలబడింది దీనికా అని అక్కడే నిలబడిపోయాను. ఈ పని మీ మీదికి తెచ్చింది నేను. ఏం చెయ్యాలో తోచడం లేదు. ఈ మాట అత్తకి చెప్పాలో వద్దో నువ్వే చూసుకో.

పెంకి


జూలై 3

పెంకి పిల్లకి మామయ్య దీవెనలు.

చెప్పాను. ఈసారి వచ్చిన రోజే, ఉత్తరం ఆమె చేతికే ఇచ్చి చెప్పాను. నేర్చుకుంటున్నాను.

చదివి ఉత్తరం మడిచింది. తర్వాత, "అయితే ఆ బిళ్ళలు ఎవరి కోసం కట్టించారు?" అంది.  కాటాయన గోదాములోనూ మన రాయి అందరి రాయిలోనూ కలిసేది, కానీ అతను మన చేత ముడులు వేయించలేదు అన్నాను. అది ఓదార్పు అనుకుని అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపుకి లేచి బయటికి వెళ్ళాను.

మర్నాడు మీ కంపెనీ నుంచి ఒకాయన కార్డులు తెచ్చాడు. నేరుగా నా దగ్గరికి వచ్చి, అధ్యక్షులు సంతకం పెట్టాలి అన్నాడు. లోపల ఉన్నారు అన్నాను. లోపలికి చూసి, "మీ ఆవిడ కాదండీ, అధ్యక్షులు" అన్నాడు. మీ అత్త తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి కలం అడిగింది. అతని కాగితంలో పేరు ముందు శ్రీ అని అచ్చయి ఉంది. దాన్ని కొట్టేసి శ్రీమతి అని రాయడానికి తనకి అధికారం లేదన్నాడు. "అయితే అధికారం ఉన్నవాళ్ళని పంపు, నేను ఇక్కడే ఉంటాను" అని వెనక్కి పంపేసింది. కార్డులు మాత్రం ముందే లాక్కుంది.

ఆ మధ్యాహ్నం సంఘం తరఫున మీ కంపెనీకి ఉత్తరం రాయించింది. నేను రాశాను, ఆమె చెప్పింది. నీకు నకలు పెడుతున్నాను. "మా రాయి ఏ కుప్పలో పోస్తున్నారో, దాన్ని ఎవరు మోస్తున్నారో, మీ కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళందరి పేర్లు పట్టీ వేసి మాకు పంపగలరు. పైన పనిచేసేవారు, కింద పనిచేసేవారు, సామాన్ల గదిలో పనిచేసేవారు కూడా. పట్టీ వచ్చాక మా సభ్యులు ఇద్దరు వచ్చి తనిఖీ చేస్తారు. పదిహేను రోజులలోగా జవాబు పంపవలెను." సదరు అన్న మాట ఎక్కడైనా పెట్టమంది, రెండు చోట్ల పెట్టాను. నలభైఒక్కమంది సంతకాలు, ఉలి తాత వేలిముద్ర, అందరితో పాటు నాదీ.

ఇరవై రోజులైంది. జవాబు లేదు. మళ్ళీ రాస్తానంటోంది. వచ్చేదాకా నెలకొకటి రాస్తుందట. పొడుగు కర్రలూ రాలేదు. మూడో గుంట మూసే ఉంది, అందులో దిగేవాళ్ళు నన్ను చూసి ముఖం తిప్పుకుంటున్నారు, ఆపింది నేను కాదని చెప్పినా వినరు. రాయి మాత్రం బాగా వెళ్తోంది, వెనక్కి రావడం లేదు. ఇదీ ఇక్కడి పరిస్థితి. బాగుందని రాయలేను, బాగాలేదని రాస్తే మీ అత్త ఒప్పుకోదు.

నువ్వు మా మీదికి తెచ్చానని బాధపడుతున్నావు. తెచ్చావు, కాదనను. కానీ పదకొండేళ్ళు ఆ షెడ్డులో పెద్ద కుర్చీలో కూర్చుని, నలభైఒక్కమంది ఎండలో నిలబడి ఉన్నారని నేను చూడలేదు. అది నీ ఫారంలో తప్పు కాదు.

ఒక మాట అడగాలి. ఈ ఆరు నెలల నీ ఉత్తరాలన్నీ నిన్న వరసగా పెట్టి చదివాను. షరతులు, బిళ్ళలు, కర్రలు, పెద్దాఫీసరు. నావీ అంతే. నువ్వు ఏం తింటున్నావో, ఆ గదిలో వాన కారుతోందో లేదో, సాయంత్రం ఎవరితో మాట్లాడతావో ఒక్క ముక్క లేదు. అడిగినవాడూ లేడు. ఇకమీదట సంఘం సంగతులు అధ్యక్షురాలికి రాయి. ఆమె జవాబిస్తుంది, నాకన్నా బాగా ఇస్తుంది. నాకు మాత్రం నీ సంగతులు రాయి. సామాన్ల గదిలో కిటికీ ఉందా? దానితో మొదలుపెట్టు.

మీ మామయ్య